రాకపోకల వ్యాకరణం

ఇంగ్లీషు మొదలుపెట్టిన రెండు మూడేళ్లకే బడిపిల్లల చేత వ్యతిరేక పదాలు వల్లె వేయిస్తారు. హాట్‌కి కోల్డ్, బిగ్‌కి స్మాల్, ఓపెన్‌కి షట్, కమ్‌కి గో. మొదటి మూడు జంటలతో నాకు పేచీ లేదు. నాలుగోది మాత్రం ఆ పట్టికలో ఉండదగింది కాదని నా గట్టి నమ్మకం. తలుపు తెరవడం, మూయడం రెండు వేరు వేరు పనులు. గదిలోంచి చూసినా వీధిలోంచి చూసినా తెరిచిన తలుపు తెరిచినట్టే ఉంటుంది. రావడం, వెళ్లడం అలాంటివి కావు. ఒక మనిషి వరండాలోంచి గదిలోకి అడుగుపెట్టాడనుకోండి. గదిలో ఉన్నవాళ్లు ‘వచ్చాడు’ అంటారు, వరండాలో మిగిలినవాళ్లు ‘లోపలికి వెళ్లాడు’ అంటారు. అతను నడిచింది ఒక్క నడకే. అతని కాళ్లకు తెలియని తేడా చూసేవాళ్ల మాటల్లో పుట్టింది. ఒకే కదలికను ఎక్కడ నిలబడి చెబుతున్నామో తెలిపే మాటలు కమ్, గో. అందులోనూ రెండింటి బరువు సమానం కాదు. గో అంటే కదలిక, అంతే. కమ్ అంటే ఆ కదలికతో పాటు అది చేరే చోట ఒక మనిషి. ఈ తేడాను పట్టుకుంటే ఇంగ్లీషు వ్యాకరణంలో పొంతన లేనట్టు కనిపించే ఎన్నో వాడుకలు ఒక తాటి మీదికి వస్తాయి. వ్యతిరేక పదాలని చెప్పి వదిలేస్తే అవి ఎప్పటికీ కంఠస్థం చేయాల్సిన చిల్లర సంగతులుగానే ఉండిపోతాయి.

ఈ మాటకు మొదటి సాక్ష్యం సంస్కృతంలో దొరుకుతుంది. గమనం అంటే వెళ్లడం. దాని ముందు ‘ఆ’ చేరిస్తే ఆగమనం, రావడం. గచ్ఛతి అంటే వెళ్తున్నాడు, ఆగచ్ఛతి అంటే వస్తున్నాడు. యాతి, ఆయాతి అన్న జంటా అంతే. రావడం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ భాష వెళ్లడాన్నే తీసుకుని, దానికి ‘ఇటువైపు’ అనే గుర్తు తగిలించింది. మూలం వెళ్లడం, రావడం దాని మీద కట్టుకున్న అదనపు గది. ఇంతకంటే విచిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు కమ్, సంస్కృతం గమ్ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. సంస్కృతంలో గకారం ఉన్న చోట ఇంగ్లీషులో కకారం వినిపించడం యాదృచ్ఛికం కాదు. అక్కడ గౌః అయిన ఆవు ఇక్కడ కౌ అయింది. జెర్మానిక్ భాషల్లో హల్లులు ఇలా వరసగా మారిన తీరును యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా చెప్పాడు. అదే ధాతువు లాటిన్‌లో ‘వెనీరే’ అయి రావడాన్ని చెబితే, గ్రీకులో ‘బైనో’ అయి నడవడాన్ని, వెళ్లడాన్ని చెప్పింది. పదాల అర్థాలు వేల ఏళ్లలో ఎటుపడితే అటు జరుగుతాయి, దీన్ని రుజువు అనుకోవడమెలా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ధాతువు చరిత్ర ఒక్కటే ఏదీ రుజువు చేయదు. కానీ వెళ్లడానికీ రావడానికీ మధ్య గోడ ఎంత పలచనో అది చూపిస్తుంది. అసలు రుజువు ఈనాటి వాడుకలోంచే రావాలి.

ఈనాటి వాడుకను ఎంతో ఓపికగా విప్పి చూసినవాడు అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్ల్స్ ఫిల్‌మోర్. 1971 వేసవిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ ప్రాంగణంలో ఇచ్చిన ఉపన్యాసాలలో ఒకదాన్ని ఆయన పూర్తిగా ఈ రెండు క్రియలకే కేటాయించాడు. ఆయన లెక్కను మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. కమ్ వాడాలంటే చేరే చోట మాట్లాడేవాళ్లో వినేవాళ్లో ఉండాలి. ఇప్పుడు లేకపోయినా, ఆ ప్రయాణం జరిగే వేళకు ఇద్దరిలో ఒకరు అక్కడ ఉంటే చాలు. అదీ లేకపోతే, ఆ చోటు వాళ్ల సొంత చోటయినా అయి ఉండాలి. గో మీద ఇన్ని షరతులు లేవు. హైదరాబాదులో ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుంటున్నారు. ‘సంక్రాంతికి కాకినాడ వెళ్తావా?’ అని ఒకరు అడిగితే అది కేవలం ప్రశ్న. ‘సంక్రాంతికి కాకినాడ వస్తావా?’ అని అడిగితే, ‘నేను అక్కడే ఉంటాను’ అన్న కబురూ, కొంత పిలుపూ అందులోనే చేరిపోయాయి. నేను ఉంటానన్న మాట వాక్యంలో ఎక్కడా లేదు. ఆ క్రియ ఒక్కటే దాన్ని మోసుకొచ్చింది. ఇంగ్లీషులో కమ్ పెట్టి అడిగినా అంతే. వంటింట్లోంచి అమ్మ అన్నానికి పిలిస్తే మనం ‘వస్తున్నా’ అంటాం, ఇంగ్లీషు వాళ్లు ‘ఐయామ్ కమింగ్’ అంటారు. వినేవాళ్లున్న చోటును మన చోటుగా చేసుకుని మాట్లాడడం ఇది. ఇదే సందర్భంలో స్పానిష్ మాట్లాడేవాళ్లూ, జపాన్ వాళ్లూ ‘వెళ్తున్నా’ అనే క్రియ వాడతారు. వాళ్లకు రావడం అంటే మాట్లాడేవాడి వైపు రావడమే. కాబట్టి ఈ ఒక్క విషయంలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం మాడ్రిడ్‌లోనో టోక్యోలోనో నేర్పడం కంటే సులువు. మన చెవికి ఆ మర్యాద ముందే అలవాటు. ఆ అలవాటును బడిలో ఎవరూ వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

కథ చెప్పేవాళ్లకు ఈ క్రియ ఇచ్చే బలం కూడా చిన్నది కాదు. హెమింగ్వే 1927లో అచ్చయిన ‘ది కిల్లర్స్’ కథ మొదటి వాక్యంలోనే ఇద్దరు మనుషులు ఒక ఫలహారశాలలోకి ‘వస్తారు’. కథకుడు ఎక్కడ ఉన్నాడో ఎవరూ చెప్పలేదు, అయినా పాఠకుడు అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. అక్కడ గో పెట్టి ఉంటే మనం వీధిలో నిలబడి వాళ్ల వీపులు చూస్తూ ఉండేవాళ్లం. ఇది ఫిల్‌మోర్ తానే పట్టి చూపిన ఉదాహరణ. ఇంగ్లీషు కథను తెలుగు చేసేవాళ్లు ఇలాంటి చోట్ల ఒక్క క్రియ మారిస్తే కథంతా ఒక గోడ అవతలికి జరుగుతుంది.

సరే, చూసే చోటును బట్టే తేడా అనుకుందాం. అదీ ఒక రకం వ్యతిరేకతే కదా, అమ్మడానికి కొనడం వ్యతిరేకం అన్నట్టు, అని వ్యాకరణ పండితులు అనవచ్చు. అది తేలిగ్గా తోసేయదగిన అభ్యంతరం కాదు. ఒకే లావాదేవీని దుకాణం వైపు నుంచి చూస్తే అమ్మకం, సంచీ పట్టుకున్నవాడి వైపు నుంచి చూస్తే కొనుగోలు. కానీ అక్కడ రెండు క్రియలూ సరిసమానం. ప్రతి అమ్మకమూ ఒక కొనుగోలే, ప్రతి కొనుగోలూ ఒక అమ్మకమే. కమ్, గో అలా తూగవు. చేరే చోట ఎవరూ లేని ప్రయాణాలు లోకంలో కోకొల్లలు. వాటన్నిటికీ గో పనికొస్తుంది, కమ్ పనికిరాదు. పైగా గో అసలు చేరే చోటే లేకుండా కూడా బతుకుతుంది. ‘ఐ మస్ట్ బి గోయింగ్’ అని లేచి నిలబడవచ్చు. కమింగ్ పెట్టి ఆ మాట అనలేం. గడియారం నడుస్తోందనడానికీ, వ్యాపారం సాగుతోందనడానికీ, గంట మోగిందనడానికీ, ఆవు ఇలా అరుస్తుందని చంటిపిల్లలకు చెప్పడానికీ ఇంగ్లీషు గోనే వాడుతుంది. కదలిక తప్ప వేరే సరుకు లేని క్రియ కాబట్టి ఏ పనిలోనైనా దాన్ని దింపవచ్చు. కమ్‌కి ఆ స్వేచ్ఛ లేదు. అది ఎప్పుడూ ఎవరో ఒకరి గుమ్మం వెతుక్కుంటుంది. వ్యతిరేక పదాల పట్టిక ఈ అసమానతను పూర్తిగా కప్పేస్తుంది.

రూపాల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోదాం. గోకి భూతకాలం వెంట్ ఎలా అయిందని ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు. అది అరువు రూపం. తిరగడం, దారి పట్టి పోవడం అనే అర్థమున్న వెండ్ అనే క్రియ ఒకటి ఉండేది. సెండ్‌కి సెంట్, స్పెండ్‌కి స్పెంట్ ఎలాగో వెండ్‌కి వెంట్ అలాగ. మధ్యయుగాల చివరికి గో దాన్ని లాక్కుంది. అంతకుముందు గో వాడుకున్న పాత భూతకాల రూపం కూడా దాని సొంతం కాదు, అదీ వేరే ధాతువుదే. తెలుగులో ఇలాంటి వింత వెళ్లడంలో లేదు, రావడంలో ఉంది. వచ్చాడు, వస్తాడు అంటూనే రాడు, రావాలి, రా అంటాం. చూడడానికి వేరు వేరు మాటల్లా ఉన్నా ఇవి రెండూ ఒకే ద్రావిడ ధాతువు సంతానం. తమిళంలో ‘వరు’ అన్నట్టుగా ఉండే రూపంలో రేఫ ముందుకు జరిగి, వకారం జారిపోయి మనకు ‘రా’ మిగిలింది. తమిళుల ఉరల్ మనకు రోలు అయినట్టే, ఇరండు రెండు అయినట్టే ఇదీ. ఇలాంటి వర్ణవ్యత్యయాలను భద్రిరాజు కృష్ణమూర్తి విస్తారంగా వివరించారు. రోజుకు వందసార్లు నోట్లో నలిగే క్రియలే ఏ భాషలోనైనా ఇంత మొండిగా క్రమం తప్పి నిలుస్తాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ క్రియలు కాళ్లతో పనిలేని చోట్ల చేసే పని. ఇంగ్లీషులో పాలు విరిగితే గో, మనిషికి మతి తప్పితే గో, చూపు పోతే గో, దివాలా తీస్తే గో, లెక్క తప్పితే గో. కల నిజమైతే కమ్, స్పృహ తెలిస్తే కమ్, బొమ్మకు ప్రాణం వస్తే కమ్. 1974లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ఈవ్ క్లార్క్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. మామూలు స్థితి మనం నిలబడిన చోటు లాంటిది. దాని నుంచి దూరమైతే గో, దానికి తిరిగి చేరితే కమ్. జ్వరం తీసుకోండి. వేడి పెరిగితే ‘వెంట్ అప్’, తగ్గితే ‘కేమ్ డౌన్’. విమానం ‘కేమ్ డౌన్’ అంటే దిగిందనుకోవడానికి అవకాశం ఉంది, ‘వెంట్ డౌన్’ అంటే కూలిందనే అర్థం. గది గుమ్మం దగ్గర మొదలైన లెక్కే ఇక్కడా నడుస్తోంది. కమ్ చివర మనిషి ఉన్నాడు, మనిషికి అలవాటైన బతుకు ఉంది. తెలుగూ ఈ దారిలోనే నడుస్తుంది. రోగి కోమాలోకి వెళ్తాడు, కోమాలోంచి బయటికి వస్తాడు. కొడుకు చేయి దాటి పోతాడు, బుద్ధి తెలిసి దారికి వస్తాడు. కూర మాడిపోతుంది, పాలు విరిగిపోతాయి.

ఐతే రెండు భాషల మధ్య ఇక్కడ ఒక లోతైన తేడా కూడా ఉంది. ఇంగ్లీషులో ప్రయాణం చేసేది చాలాసార్లు మనిషి. ‘హీ వెంట్ బ్లైండ్’ అన్నప్పుడు అతనే ఉన్న చోటు వదిలి గుడ్డితనంలోకి వెళ్లాడు. తెలుగులో అతను కదలడు. చూపు అతన్ని వదిలి పోతుంది. మతి పోయింది, పరువు పోయింది, ఉద్యోగం పోయింది, ప్రాణం పోయింది. కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, జ్వరం వచ్చింది, గుర్తుకు వచ్చింది. చివరికి చదువు కూడా అంతే: ‘నాకు తెలుగు వచ్చు’ అంటే తెలుగు నా దగ్గరికి వస్తుందనే. ఈత వచ్చు, వంట వచ్చు, కారు నడపడం వచ్చు. మనిషి స్థిరంగా ఉంటే లోకం అతని గడప దగ్గరికి వచ్చిపోతూ ఉంటుంది. అందుకే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లకు కమ్ అవసరానికి మించి నోట్లోకి వస్తుంది. యాంగర్ కేమ్, ఫీవర్ కేమ్ అనేస్తారు. అది బుద్ధి తక్కువతనం కాదు. ప్రయాణికుడు ఎవరన్న లెక్కలో రెండు భాషలకూ తేడా ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

క్లార్క్ వివరణకు లొంగని వాడుకలు ఉన్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. వీడియో ‘గోస్ వైరల్’ అంటే అది చెడిపోవడం కాదు. కొత్త సేవ ‘గోస్ లైవ్’ అంటే అందరికీ సంతోషమే. సిగ్నల్ లైటు ఆకుపచ్చగా మారడానికీ గోనే. వీటికి సమాధానం కష్టం కాదు. గో చెడును చెప్పదు, ఉన్న స్థితిని దాటడాన్ని చెబుతుంది. దాటినవి ఎక్కువసార్లు చెడేవి కాబట్టి చెడు వాసన దానికి అంటుకుంది. మన ‘పోవు’ సంగతీ అంతే. కూర మాడిపోయినట్టే పెళ్లి కుదిరిపోతుంది, పని అయిపోతుంది. ఇక వెనక్కి తిప్పలేమన్న భావమే అక్కడ ముఖ్యం. అసలు చిక్కు రెండో వైపు ఉంది. చొక్కా బొత్తాం ఊడితే ‘కేమ్ ఆఫ్’, ముడి విడిపోతే ‘కేమ్ అన్‌డన్’, మర వదులైతే ‘కేమ్ లూజ్’. ఇవి మామూలు స్థితికి చేరడం ఎలా అవుతాయి? బొత్తాం ఊడి చేతిలోకి వస్తుంది, కట్టు విప్పితే లోపలిది బయటికి వస్తుంది, అందుకే కమ్ అని చెప్పవచ్చు. మనం కూడా ‘బొత్తాం ఊడొచ్చింది’ అంటాం, ‘మేకు పీకితే వచ్చేసింది’ అంటాం. బొత్తానికి సరిపోయినంతగా ఈ సమాధానం ముడికి సరిపోదు. కొన్ని వాడుకలు ఏ సూత్రానికీ చిక్కకుండా అలవాటుగా నిలిచిపోతాయని ఒప్పుకోవడమే మంచిది. సూత్రం తొంభై చోట్ల నిలబడితే మిగిలిన పది చోట్ల దాన్ని బలవంతంగా లాగనక్కరలేదు.

వాక్యనిర్మాణంలో ఇదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ‘హీ కేమ్ రన్నింగ్’ అంటే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘హీ వెంట్ రన్నింగ్’ అంటే పరుగు వ్యాయామానికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు కారులోనే వెళ్లి ఉండవచ్చు. క్రియ ఒక్కటి మారితే పక్కనున్న రన్నింగ్ అర్థమే మారిపోయింది. మొదటి వాక్యంలో అది వచ్చిన తీరు, రెండో దానిలో వెళ్లిన పని. ఎందుకంటే గో చివర చోటు ఖాళీగా ఉంది, అక్కడ ఒక పనిని కూర్చోబెట్టవచ్చు: షాపింగ్, ఫిషింగ్, స్విమ్మింగ్. కమ్ చివర మనిషి కూర్చుని ఉన్నాడు, పక్కన చేరిన మాట ఆ రాక తీరును వర్ణించడం తప్ప చేయగలిగింది లేదు. ‘కమ్ షాపింగ్ విత్ మి’ అనడం లేదా అంటే, ఉంది. కానీ ఆ ‘విత్ మి’ని గమనించండి. మాటలో లేకపోయినా మనసులోనైనా తోడుగా ఒక మనిషి లేకుండా ఆ వాక్యం నిలబడదు. మన పిల్లలు పరీక్షల్లో తప్పే ఇంకో జంట ‘హ్యాజ్ గాన్’, ‘హ్యాజ్ బీన్’. ‘హీ హ్యాజ్ గాన్ టు ఢిల్లీ’ అంటే వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. ‘హీ హ్యాజ్ బీన్ టు ఢిల్లీ’ అంటే వెళ్లొచ్చాడు. నియమాన్ని ఇంగ్లీషు వ్యాకరణ పరిభాషలో అరపేజీ రాసే బదులు ‘వెళ్లాడు, వెళ్లొచ్చాడు’ అన్న రెండు తెలుగు మాటలు చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది.

కాలం దగ్గరికి వచ్చేసరికి ఈ క్రియలు ఒకదాన్నొకటి కాదన్నట్టు కనిపిస్తాయి. వచ్చే వారం, పోయిన వారం అని మనం అంటాం. ఇంగ్లీషు వాళ్లు రాబోయే వారాన్ని కమింగ్ వీక్ అంటారు. వాళ్ల ‘ఎగో’ అన్న మాట కూడా గడిచిపోయిన అనే అర్థమున్న పాత రూపమే. సంస్కృతం నుంచి వచ్చిన ‘గత’ కూడా వెళ్లిపోయింది అనే. ఇంతవరకూ మనిషి నిలబడి ఉన్నాడు, కాలం అతని వైపు వచ్చి దాటిపోతోంది. మరి ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ సంగతేమిటి? భవిష్యత్తుకు గో ఎలా వచ్చింది? చూపు మారింది కనుక. ఇక్కడ కదులుతున్నది కాలం కాదు, కర్త. కర్త ఒక పని వైపు సాగుతున్నాడు, ఆ పని దగ్గర ఇంకా ఎవరూ లేరు. ఎవరూ లేని గమ్యానికి గోనే తగిన క్రియ. 15వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో మొలకెత్తిన ఈ వాడుక మనుషుల ప్రయాణాల నుంచి మొదలై, ఉద్దేశాలకు పాకి, ఇప్పుడు వానకూ ఎండకూ కూడా సరిపోతోంది. స్వీడిష్ భాషలో భవిష్యత్తుకు రావడం అనే క్రియ వాడతారే అని అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఆ భాషలో అది ముఖ్యంగా జరగబోయేదాన్ని ఊహించి చెప్పడానికి. కర్త అనుకుని చేసే పనికి వేరే మాట ఉంది. అంటే వాళ్లు సంఘటన మన వైపు రావడాన్ని చూశారు, ఇంగ్లీషు వాళ్లు మనం దాని వైపు పోవడాన్ని చూశారు.

తెలుగు ఇంగ్లీషు దారే పట్టడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. వాన పడబోతోంది, అతను మాట్లాడబోతున్నాడు. ఆ ‘బోతు’ మరేదో కాదు, ‘పోతు’. ద్రుతం మీద పరుషం సరళమవుతుందని చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పిన సంధి వల్ల పకారం బకారమైంది. ఇంగ్లీషులో కూడా భవిష్యత్తును చెప్పే గోయింగ్ టు మాత్రమే నోటి వాడుకలో ‘గొన్నా’ అవుతుంది. ‘ఐయామ్ గొన్నా ఈట్’ అంటారు. ఢిల్లీ వెళ్తున్నానని చెప్పడానికి ‘గొన్నా ఢిల్లీ’ అని ఎవరూ అనరు. మనమూ ‘ఢిల్లీ పోతున్నాడు’ అనేటప్పుడు పకారాన్ని అలాగే ఉంచుతాం, ‘చేయబోతున్నాడు’ అనేటప్పుడు మారుస్తాం. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు కాళ్లతో పోవడాన్నీ కాలంలో పోవడాన్నీ ఒక్క ధ్వని మార్పుతో విడదీశాయి. ఇక ‘రాబోయే’ అన్న మాటను విప్పి చూడండి. రాన్, పోయే. రావడం, పోవడం రెండూ అందులో ఉన్నాయి, అయినా ఎవరికీ వైరుధ్యం తోచదు. ఇవి నిజంగా వ్యతిరేక పదాలైతే ఒకదాని నడుం మీద ఇంకొకటి ఇలా కూర్చోగలిగేదా?

వీడ్కోలు మాటల్లోనూ అదే. ‘వెళ్తాను’ అని గుమ్మం దాటడం మనకు మింగుడుపడదు, ‘వెళ్లొస్తాను’ అంటాం. తెలంగాణలో ‘పోయొస్త’ అంటారు, తమిళులూ పోయి వస్తామనే అంటారు. కోస్తా జిల్లాల్లో పెద్దలను ‘ఎక్కడికి పోతున్నారు’ అని అడిగితే నొచ్చుకునేవాళ్లున్నారు. తెలంగాణలో, రాయలసీమలో అది నిత్యం వాడే మర్యాదైన మాట. ఒకరి వాడుకను ఇంకొకరు మొరటు అనుకోవడం తగదు. మనిషి చనిపోతే ‘పోయాడు’ అనడం మాత్రం మూడు చోట్లా ఒకటే, ఇంగ్లీషులో ‘హీ ఈజ్ గాన్’ కూడా అదే. ఆ నీడ పడకుండా మనం వెళ్లడం వెనక ఒక రావడాన్ని కట్టి పంపుతాం. మన దేశంలో దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చి ‘ఐ విల్ గో అండ్ కమ్’ అనేవాళ్లను నవ్వుతారు. నవ్వడం అన్యాయం. ఆ వాక్యంలో తిరిగి వచ్చే చోట వినేవాళ్లున్నారన్న లెక్క నూటికి నూరుపాళ్లు సరైంది. వీడ్కోలుకు ఆ మాట వాడే ఆచారం ఇంగ్లీషులో లేదు, కాబట్టి లండన్‌లో వినేవాడికి అది పని మీద వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తానన్నట్టు వినిపిస్తుంది. ఆ సంగతి చెప్పి సరిదిద్దితే సరిపోతుంది.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు వ్యతిరేక పదాల పట్టికలోంచి ఈ జంటను తీసేసి, దాని బదులు ఒక అభ్యాసం పెట్టవచ్చు. రేపు పదింటికి ఆఫీసుకు చేరతానని చెప్పే వాక్యం ఒకటి ఇచ్చి, క్రియ ఉండాల్సిన చోటు ఖాళీగా వదలాలి. ఫోనులో అవతలి మనిషి రేపు ఆ వేళకు ఆఫీసులో ఉండేవారైతే ఏం రాస్తావు, ఇంట్లోనే ఉండేవారైతే ఏం రాస్తావు అని అడగాలి. ముందు తెలుగులో చెప్పమనాలి. వినేవాళ్లు అక్కడ ఉంటే ‘వస్తాను’, లేకపోతే ‘వెళ్తాను’ అని ఐదో తరగతి పిల్ల కూడా తడుముకోకుండా చెబుతుంది. ఆ తర్వాత ఆ రెండు వాక్యాలనూ ఇంగ్లీషులో రాయమనాలి.